మొండయ్య బేరం

మొండయ్యతో నాకు ఎప్పుడూ పడేది కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక. ఇప్పుడు ఆయన గురించి రాస్తున్నాను కదా అని ఆయన్ని దేవుణ్ణి చేసి కూర్చోబెట్టను. సౌదీ అరేబియాలోని యాన్బులో ఒకే లేబర్ క్యాంపులో నాలుగేళ్ళు ఉన్నాం. ఆ నాలుగేళ్ళలో ఆయన నాతో నవ్వుతూ మాట్లాడిన రోజు ఒక్కటీ గుర్తు లేదు. నీళ్ళ పంపు దగ్గర గానీ, మెస్సులో గానీ, బస్సు ఎక్కేచోట గానీ కొట్లాట మొదలైందంటే అందులో ఆయన గొంతు ఉండాల్సిందే.

నా సంగతి కూడా చెప్పాలి. నాది జగిత్యాల దగ్గర ఊరు. డిగ్రీ పాసయి ఆ జపాన్ కాంట్రాక్టు కంపెనీలో స్టోర్‌కీపర్‌గా చేరాను. బోల్టులు, తాళ్ళు, చేతి తొడుగులు, హెల్మెట్లు అన్నీ నా తాళం కింద ఉండేవి. కాగితం లేకుండా మేకు కూడా ఇచ్చేవాణ్ణి కాను. దానికి నాకు మంచి పేరే ఉండేది. ఆ పేరు చూసుకుని నేను మురిసిపోయేవాణ్ణి, సిగ్గులేకుండా.

మొండయ్య పొట్టి మనిషి. నలభై ఐదు దాటిన వయసు. రెండు బొటనవేళ్ళ మీదా అడ్డంగా పాత గాట్లు ఉండేవి. పాస్‌పోర్టులో కార్పెంటర్ అని ఉన్నా, చేసేది ఇనుప పైపులు బిగించి పరంజా కట్టే పని. గదిలో అందరికీ తను వడ్లాయన, వడ్రంగి కులం అనే చెప్పుకున్నాడు. అసలు సంగతి ఒక ఏడాది జపాన్ వాళ్ళ సంతతో బయటపడింది.

ఆ సంత అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. గల్ఫ్ యుద్ధం అయిపోయిన ఏడాది నవంబరులో కూడా, ఏమీ జరగనట్టు, మళ్ళీ పెట్టారు. బల్లలు తెచ్చి వేయమని నాకు కబురు వచ్చింది. తాళాలు మనిషితో పంపి నేను గదిలో పడుకున్నాను. నేను చెప్పేది అంతకు ముందటి ఏడాది సంత, తొంభయ్యోది.

వాళ్ళ పంచాంగంలో రోజులకు జంతువుల పేర్లుంటాయట. నవంబరులో కోడి పేరున్న రోజున వాళ్ళ దేశంలో ఆ సంత జరుగుతుంది. అందులో అమ్మే ముఖ్యమైన వస్తువు ఆకులు ఊడ్చే వెదురు పళ్ళ కర్ర. దాన్ని ఎలుగుబంటి చెయ్యి అంటారట. మేం వెదురు చెయ్యి అనేవాళ్ళం. దానికి బూరెబుగ్గల ఆడమనిషి ముఖం, ఎర్రచేప, బియ్యం మూట, బంగారు రంగు కాగితపు నాణేలు కట్టి, గోడకు ఎత్తుగా పెట్టుకుంటారు. ఏడాది పొడుగునా అదృష్టాన్ని గీరి దగ్గరకు లాగుతుందని నమ్మకం. ఏటా ముందటి ఏడాది కంటే పెద్దది కొనాలి. ఇవన్నీ స్టాఫ్ క్వార్టర్స్ గోడల లోపలే జరిగేవి. వేరే మతాల పండగలు ఆ దేశంలో నిషేధం కాబట్టి, సౌదీ స్పాన్సర్ తరఫు మనిషికి మాత్రం పిక్నిక్ అని చెప్పేవారు.

బేరం పద్ధతి ఇంకా విచిత్రం. కొనేవాడు గట్టిగా బేరమాడి ధర తగ్గించాలి. ఎంత తగ్గిస్తే అంత మొనగాడు. తీరా తగ్గాక, ఆ తగ్గిందంతా అమ్మినవాడికే కానుకగా వదిలేయాలి. అంటే మొదట చెప్పిన ధరే చివరికి చెల్లుతుంది. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళంతా వరసగా చప్పట్లు కొడతారు, మూడు, మూడు, మూడు, ఒకటి. చప్పట్లు పడ్డాక ఆ బేరానికి తిరుగు లేదు. మా జగిత్యాల అంగట్లో ఎవడైనా ఇలా కొంటే ఇంట్లోవాళ్ళు కట్టేసి ఉంచుతారని నేను నవ్వాను.

ఆ ఏడాది ఆగస్టులో కువైట్ మీద ఇరాక్ పడింది. ఓడలు ఆలస్యమై, ఏటా జపాన్ నుంచి వచ్చే వెదురు చేతుల పార్సిల్ రాలేదు. వచ్చిన పార్సిల్ ఇంకొకటి. అరవై గ్యాస్ మాస్కులు, విషవాయువు బాంబులు పడితే ముఖానికి పెట్టుకోవడానికి. ఒక్కో పెట్టె మీద పేరు అంటించి ఉంది. జపాన్ వాళ్ళకు, ఇంజనీర్లకు, ఆఫీసు స్టాఫుకు. నాకూ ఒకటి. లేబర్ నూట నలభై మందికి ఒక్కటీ లేదు. యాన్బు చాలా దూరం, ఇక్కడికి ఏ బాంబూ రాదు, భయపడకండి అని నోటీసు బోర్డు మీద మూడు భాషల్లో అంటించారు.

“రాదంటె మరి నీకెందుకు సారూ?” అని మొండయ్య నలుగురిలో నన్ను అడిగాడు. పని చూసుకో పొమ్మని కసిరాను.

పార్సిల్ రాలేదు కాబట్టి వెదురు చేతులు ఇక్కడే చేద్దామనుకున్నారు. జెద్దా బలద్ బజారు నుంచి మొక్కలకు ఊతం పెట్టే వెదురు బొంగులు తెప్పించారు. పరంజా ఫోర్‌మన్ ఇషిమారు వాటిని నా స్టోరు ముందు వేసుకుని చీల్చబోయాడు. ఇనుము పనిలో మొనగాడే గానీ, బొంగులు అడ్డదిడ్డంగా పగిలి చేతులకు చీలికలు గుచ్చుకున్నాయి. పైపులు మోసుకుపోతున్న మొండయ్య ఆగి కాసేపు చూశాడు. చూసి చూసి, పైపు కింద పడేసి వచ్చి ఆయన చేతిలోంచి కత్తి లాక్కున్నాడు.

“ఇటియ్! బొంగును గట్ల కొడ్తరా? మొదలు దిక్కు నుంచి గాదు, కొస దిక్కు నుంచి చీరాలె.”

ఇషిమారుకు తెలుగు రాదు. కానీ కొస నుంచి పెట్టిన కత్తి ఒక్క ఊపున మొదలు దాకా పోవడం చూసి నోరు తెరిచాడు. తన తండ్రి కూడా అలాగే చీల్చేవాడని తనకొచ్చిన సైటు ఉర్దూలో చెప్పాడు. మొండయ్య ఆ మాట విననట్టే రెండో బొంగు అందుకున్నాడు. ఆ చేతులు పనిచేస్తుంటే చూడాలి. నేను తాళాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆ సాయంత్రం గదిలో బాలన్న పట్టుకున్నాడు. బాలన్న మేస్త్రీ, మా జిల్లావాడే, క్యాంపులో తెలుగువాళ్ళకు పెద్ద.

“నాలుగేండ్ల సంది వడ్లోన్నని చెప్తివి గదరా! గంపలల్లెటోనివా నువ్వు?”

“అల్లుత. నీ తలకాయ కొలతియ్యి, నీకు గూడ ఒకటల్లుత” అన్నాడు మొండయ్య.

అప్పుడు తెలిసింది. ఆయనది కడెం అడవి అంచున మేదరి ఇల్లు. తాతల నాటి నుంచి చేటలు, గంపలు, తడకలు అల్లారు. అడవిలో వెదురంతా కాగితం మిల్లుకు పోవడం మొదలయ్యాక ఫారెస్టు డిపోలో వీళ్ళకిచ్చే బొంగులు తగ్గి తగ్గి నిలిచిపోయాయి. దొంగతనంగా కొట్టుకొస్తే గార్డులు పట్టుకున్నారు. చేతిలో పని ఉంది, చేయడానికి వెదురు లేదు. అలా ఎడారికి వచ్చి పడ్డాడు. ఆ రోజు నుంచి బాలన్న గుంపు ఆయన్ని పేరు పెట్టి పిలవడం మానేసి కులం పెట్టి పిలిచేది. నేను విన్నాను, ఆపలేదు.

రెండు వారాలు మొండయ్య, ఇషిమారు కలిసి చిన్నా పెద్దా ఇరవై వెదురు చేతులు చేశారు. అన్నిటికంటే పెద్దది మనిషి నిలువు ఎత్తు ఉంది. సంత కబుర్లన్నీ మొండయ్య అప్పుడే ఆయన దగ్గర విని ఉంటాడు. చేసినవాడే అమ్మితే బాగుంటుందని, సంత రోజున మొండయ్యకు నీలం రంగు పొట్టి కోటు తొడిగి బల్ల వెనక నిలబెట్టారు. లేబర్‌లోంచి లోపలికి వచ్చింది ఆయనొక్కడే. బల్లలు తెచ్చిన వంకతో నేను ఉన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం. చిన్నవన్నీ నవ్వులతో అమ్ముడుపోయాయి. చివర్లో ప్రాజెక్ట్ మేనేజర్ కురోదా వచ్చాడు. ఏటా పెద్దది కొనేది ఆయనే. నడుముకు మాస్కు సంచి వేలాడుతోంది. స్టాఫంతా ఎక్కడికెళ్ళినా మాస్కు వెంట ఉంచుకోవాలని ఆయనే ఆర్డరు వేశాడు. పెద్ద వెదురు చెయ్యి చూపించి ఎంత అన్నాడు.

మొండయ్య ఆయన నడుము దగ్గరి సంచిని వేలితో చూపించాడు. “గది. నూట నలభై. లేబర్ అందరికి.”

మళ్ళీ అదే ఉర్దూలో చెప్పాడు. ఇషిమారు ముఖం బిగుసుకుంది. అయినా ఉన్నదున్నట్టు జపాను భాషలో అప్పజెప్పాడు. కురోదా నవ్వు ఒక క్షణం ఆగింది. చుట్టూ ముప్పై మంది చూస్తున్నారు. పండగపూట ముఖం మాడ్చుకుంటే బాగుండదని కాబోలు, గట్టిగా నవ్వి ఎనభై అన్నాడు. మొండయ్య తల అడ్డంగా ఊపాడు. వంద. మళ్ళీ అడ్డంగా. నూట ఇరవై. మొండయ్య ఆయన కళ్ళలోకి చూసి, సరేనన్నట్టు వెదురు చెయ్యి ఎత్తి ఆయన చేతుల్లో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు, మూడు, మూడు, మూడు, ఒకటి. నేనూ కొట్టాను.

మర్నాడు పొద్దున్నే మొండయ్య నా స్టోరు కిటికీ ముందున్నాడు.

“సారూ, రాస్కో. నూట నలభై.”

“నూట ఇరవైకి కదా తెగింది?”

“తగ్గింది నాకే ఇడ్వాలె గద. రివాజు గది.”

“ఆర్డరు కాగితం ఏది?”

“చప్పట్లు గొట్టిండ్రు. నువ్వు గూడ కొట్టినవ్.”

“అది ఆట మొండయ్యా.”

“నాకాట గాదు.”

నాకు చిర్రెత్తింది. “ఊరందరి గొడవ నీకెందుకు? నిన్ను మనిషిగా చూడనివాళ్ళ కోసం పెద్దసారుతో పెట్టుకుంటావా?” అన్నాను.

“ఊరి గొడవ నాకెందుకు సారూ? నాకొక్కటి గావాలె. నాకొక్కనికడిగితె ఎవడిస్తడు? అందరికడిగితె నాది గూడ అండ్లనే వస్తది.” కిటికీ లోపలికి వంగాడు. “అడవి అంటుకున్నప్పుడు నేను, మా తమ్ముడు పొగల ఇర్కినం. నేనెల్లిన. వాడెల్లలె. ఊపిరందకుంట సచ్చుడెట్లుంటదో నేను జూసిన. నాకు బుగులైతుంది సారూ.”

ఆ మనిషి నోట భయం అన్న మాట వినడం అదే మొదలు. జాలి పడాల్సింది. కోపం వచ్చింది నాకు. నా పేరు అంటించిన పెట్టె నా మంచం కింద ఉంది, ఆ కోపం అందుకని ఇప్పుడు తెలుస్తోంది. కాగితం తెస్తే ఇస్తా, లేకపోతే నడువు అన్నాను.

కురోదా దగ్గరికి ఇషిమారును వెంటబెట్టుకుని వెళ్ళాడు. సంతలో మాటలు సంతకే అని కురోదా నవ్వేశాడట. మొండయ్య బల్ల పక్కకు నడిచాడు. కుర్చీ లాక్కుని, ఎక్కి, గోడ మీది వెదురు చెయ్యి దించాడు. ఇండెంటు పుస్తకాల కోసం వెళ్ళిన నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆఫీసులో ఆరుగురు జపాన్ వాళ్ళున్నారు. ఒక్కడూ అడ్డం రాలేదు. అందరూ తమ బూట్ల వైపు చూసుకుంటున్నారు. ఇషిమారు తలుపు తీసి పట్టుకున్నాడు.

“సరుకు నాది. పైకం రాలె” అని మొండయ్య దాన్ని భుజాన వేసుకుని నడిచి వెళ్ళాడు.

దాన్ని తన మంచం పక్కన గోడకు నిలబెట్టుకున్నాడు. బాలన్న వాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. “నీ ఒక్కని పొగరుకు మా అందరి అకామాలు పోతయి” అని తిట్టారు. అకామా అంటే అక్కడ ఉండి పని చేసుకోనిచ్చే కార్డు. ఆ వారమే పరంజా మీంచి పైపు జారి ఒక జపాన్ ఇంజనీరు కాలు విరిగింది. తర్వాత క్రేను పాడై పని ఐదు రోజులు ఆగింది. క్రేనుకూ వెదురుకూ సంబంధం లేదని నాకు తెలుసు, కురోదాకూ తెలిసే ఉంటుంది. కానీ గోడ మీద ఖాళీ మేకు కింద కూర్చుని పని చేయడం ఆయన వల్ల కాలేదు. డిసెంబరు మొదట్లో నూట నలభై మాస్కులకు ఆర్డరు కాగితం నా బల్ల మీదికి వచ్చింది. మొండయ్య ఆ మధ్యాహ్నమే వెళ్ళి, కుర్చీ ఎక్కి, దాన్ని మేకుకు తగిలించి, వంకర లేకుండా సరిచేసి దిగాడు.

నెల తిరక్కుండా ఆయనకు ఎగ్జిట్ కొట్టారు, అంటే వీసా రద్దు చేసి ఇంటికి పంపేయడం. పని తృప్తిగా లేదని రెండు లైన్ల కాగితం. యుద్ధం దగ్గరపడేసరికి ఆ రోజుల్లో సగం క్యాంపు ఇంటికి పంపండని బతిమాలుతోంది. కంపెనీ పాస్‌పోర్టులు బిగబట్టింది. బాలన్న ఐదుసార్లు అర్జీ పెట్టుకుంటే ఐదుసార్లూ చించేశారు. అలాంటప్పుడు అడగనివాడికి ఎగ్జిట్ వస్తే ఎవరూరుకుంటారు?

“మాస్కుల పేరు జెప్పి తన ఎగ్జిట్ మాట్లాడుకున్నడు, దొంగముండాకొడుకు” అన్నాడు బాలన్న. ఆ మాట అందరికీ నచ్చింది. ఆయన పళ్ళెంలో ఎవరో ఇసుక పోశారు. ఆరేసిన బట్టలు మురికి కాలవలో తేలాయి. నిజానికి ఆ క్యాంపులో ఇంటికి పోవడం ఇష్టం లేనివాడు మొండయ్య ఒక్కడే. పోతే చేతికి వెదురు లేదు. పర్సనల్ ఆఫీసు ముందు మూడు రోజులు నిలబడ్డాడు, ఉంచమని. అది కూడా నాటకమే అన్నారు. నేనూ నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉంది.

మాస్కులు జనవరి పదహారున వచ్చాయి. మర్నాడు తెల్లవారేసరికి యుద్ధం మొదలైంది గానీ, ఆ సాయంత్రానికి ఇంకా ఎవరికీ తెలియదు. లేబర్ అంతా నా స్టోరు ముందు వరసకట్టారు. పర్సనల్ వాళ్ళు పంపిన జాబితా చూసి ఒక్కొక్కరినే పిలిచి, వేలిముద్రో సంతకమో తీసుకుని ఇచ్చాను. చివర్లో మొండయ్య వచ్చి చెయ్యి చాపాడు. మర్నాడు పొద్దున జెద్దా బండికి ఆయన ప్రయాణం. జాబితాలో ఆయన పేరు మీద ఎర్ర గీత ఉంది.

“నీ పేరు లేదు” అన్నాను.

“ఒకటి మిగిలింది గద సారూ. అగో, కనవడ్తనే ఉంది.”

“జాబితాలో లేనివాళ్ళకు ఇవ్వను.”

“గది నాదే.”

“ఇంటికి వోతున్నవ్ గద, నీకెందుకురా?” అని వెనక నుంచి బాలన్న అరిచాడు, కొత్త మాస్కు మెడలో వేసుకుని. అందరూ నవ్వారు. ఆయన తెచ్చిపెట్టిన మాస్కులు మెడల్లో వేసుకునే నవ్వారు. మొండయ్య చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని లుంగీకి తుడుచుకుని వెళ్ళిపోయాడు. నేను మిగిలిన పెట్టె మూడో అరలో పెట్టి తాళం వేశాను.

యాన్బు మీద ఏమీ పడలేదు. పది రోజులకల్లా మావాళ్ళు మాస్కు సంచుల్లో ఉల్లిగడ్డలు, సిగరెట్లు వేసుకు తిరిగారు.

ఫిబ్రవరి మొదట్లో తాళ్ళు కొనడానికి జెద్దా పంపారు నన్ను. బలద్‌లో ఇరుకు సందులో ఒక పాత లాడ్జి మెట్ల మీద మొండయ్య కనిపించాడు. ఊరికి పోయి ఉంటాడనుకున్నాను. విమానాలు కదల్లేదట. ఇరవై రోజులుగా అక్కడే పడి ఉన్నాడు. పాస్‌పోర్టు కంపెనీ మనిషి దగ్గర, చేతిలో పైసా లేదు. లాడ్జివాడు గది ఊడ్పించుకుని ఒకపూట తిండి పెడుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. సైరన్ పరీక్షకు మోగించినా సరే, తడిగుడ్డ ముఖానికి చుట్టుకుని మెట్ల కిందికి దూరతాడని పక్క కొట్టువాడు నవ్వుతూ చెప్పాడు. వాడి పళ్ళు రాలగొట్టాలనిపించింది. ఆ హక్కు నాకెక్కడిది?

నా భుజాన మాస్కు సంచి ఉంది. ఆయన చూపు దాని మీదే ఆగింది. నాకు తలకొట్టేసినట్టయింది. సంచి తీసి ఇచ్చాను. తీసుకోడనుకున్నాను, తీసుకున్నాడు. మాస్కు తీసి ముఖానికి పెట్టుకుని పట్టీలు బిగించుకున్నాడు. కళ్ళు మూసుకుని రెండుసార్లు, మూడుసార్లు గుండెల నిండా ఊపిరి పీల్చాడు. భుజాలు కిందికి దిగాయి. సందులో జనం ఆగి చూశారు. నేను ఆయన పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

కాసేపటికి మాస్కు తీసి, తిప్పి, లోపల అంటించిన నా పేరు చీటీ చూశాడు. చదువు రాదు గానీ తన పేరు ఎలా ఉంటుందో తెలుసు.

“గిది నీది సారూ. నాదేది?”

“ఉంది” అన్నాను.

“యాడున్నది?”

“స్టోరులో. మూడో అరలో.”

ఆయన మాస్కు సంచిలో పెట్టి, బొత్తాం వేసి, నా భుజానికి తగిలించాడు. పట్టీ మెలిక పడితే సరిచేశాడు కూడా.

“తాళం ఎవలి దగ్గరున్నది?” అన్నాడు.

“నా దగ్గరే మొండన్నా” అన్నాను.